జవాబు ఉందని ఎలా తెలుసు?

తుఫాను ఏ ఊరి దగ్గర తీరం దాటుతుందో రెండు మూడు రోజుల ముందే చెబుతున్నారు. విమానం రెక్క ఆకారం ఎలా ఉండాలో కంప్యూటర్లో తేల్చుకున్నాకే తయారీకి పంపుతున్నారు. రక్తనాళం ఇరుకైతే నెత్తురు ఎలా పారుతుందో వైద్య పరిశోధకులు తెర మీద చూస్తున్నారు. వీటన్నిటి వెనకా ఉన్నవి ఒకే కుటుంబానికి చెందిన సమీకరణాలు. వాటి పేరు నేవియర్-స్టోక్స్ సమీకరణాలు. అవి ఇన్ని పనులు చేసిపెడుతున్నా గణితవేత్తలు మాత్రం వాటి గురించి ఒక సంగతి నిరూపించాలని తరతరాలుగా కుస్తీ పడుతున్నారు. 2000 మే 24న పారిస్‌లో క్లే గణిత సంస్థ ఆ రుజువుకి పది లక్షల డాలర్ల బహుమతి పెట్టింది. ఇప్పటిదాకా దాన్ని అందుకున్నవాళ్లు లేరు.

పనిచేస్తున్నదాన్ని మళ్లీ నిరూపించడం ఎందుకు? ఈ సంగతి విన్న ఎవరికైనా వచ్చే సందేహమే ఇది. న్యాయమైన సందేహం. దీనికి "గణితంలో అంతే, రుజువు ఉండాల్సిందే" అని జవాబు చెబితే అడిగినవాళ్లను చిన్నబుచ్చినట్టే. అసలు జవాబు వేరే ఉంది. అది తెలియాలంటే ముందు ఈ సమీకరణాలు ఏం చెబుతాయో చూడాలి.

నీటి పద్దుల పుస్తకం

కిరాణా కొట్టులో రోజూ రాసే పద్దుల పుస్తకాన్ని తలచుకోండి. ముందురోజు నిలవ, ఇవాళ్టి జమ, ఇవాళ్టి ఖర్చు, చివరికి తేలిన నిలవ. ఈ నాలుగూ సరిపోవాలి. సరిపోకపోతే ఎక్కడో ఏదో దాటిపోయినట్టు. ప్రవాహ సమీకరణాలు కూడా ఇలాంటి పద్దులే. పారే నీటిని కంటికి ఆనని చిన్న చిన్న ముక్కలుగా ఊహించుకుంటే, ప్రతి ముక్కకూ ఒక ఖాతా ఉంటుంది. అందులో లెక్క రాసేది డబ్బుకి కాదు, చలన పరిమాణానికి. అంటే ఆ ముక్క ద్రవ్యరాశిని దాని వేగంతో గుణిస్తే వచ్చేదానికి. పక్క ముక్క తోసుకొచ్చి ఇచ్చినది జమ. ఒత్తిడి ఇచ్చినదీ పుచ్చుకున్నదీ ఒక పద్దు. ఒక పొర ఇంకో పొరను రాసుకుంటూ పోయేటప్పుడు మారకం అయ్యేది మరో పద్దు. ప్రతి చోటా, ప్రతి క్షణమూ లెక్క తేలాలి. అలా తేలే పుస్తకాన్ని పరిష్కారం అంటాం.

1757లో లియోన్‌హార్డ్ ఆయిలర్ అచ్చువేసిన సమీకరణాల్లో ఆ చివరి పద్దు, రాపిడి పద్దు, లేదు. ఆయన ఊహించుకున్నది జిగట అన్నదే లేని ఆదర్శ ద్రవాన్ని. దానికి కాస్త ముందే, 1752లో, ఫ్రాన్సులో దలాంబేర్ అలాంటి ద్రవం గురించే ఒక వింత ఫలితం బయటపెట్టాడు. నిలకడగా పారే ఆదర్శ ద్రవంలో ఒక వస్తువును నిలబెడితే ద్రవం దాన్ని ఏమాత్రం నెట్టదు, నిరోధం సున్నా. ఏటిలో మోకాలి లోతున నిలబడ్డ ఎవరికైనా అది అబద్ధమని తెలుసు. కానీ ఆ లెక్కలో తప్పు లేదు.

రుజువు ఎందుకు కావాలన్న ప్రశ్నకు మొదటి జవాబు నాకు ఇక్కడే దొరుకుతుంది. లెక్కలో ఎక్కడో పొరపాటు ఉండి ఉంటుందన్న అనుమానం మిగిలి ఉంటే, జనం ఆ పొరపాటునే వెతుక్కుంటూ కూర్చునేవారు. తర్కం నిక్కచ్చిగా ఉండటంతో లోపం ఊహలోనే ఉందని ఒప్పుకోక తప్పలేదు. జిగటను వదిలేయడానికి వీల్లేదు. 1822లో ఫ్రెంచి ఇంజనీరు క్లాడ్ లూయి నేవియర్, 1845లో కేంబ్రిడ్జిలో జార్జ్ గాబ్రియెల్ స్టోక్స్ ఆ పద్దును చేర్చారు. అంత పల్చని గాలిలో జిగట ప్రభావం ఎక్కడ దాక్కుందో 1904లో లుడ్విగ్ ప్రాంట్‌ల్ చూపించాడు. వస్తువు ఒంటిని అంటిపెట్టుకుని ఉండే సన్నని పొరలో అది పనిచేస్తుంది. విమానం రెక్కల శాస్త్రమంతా ఆ పొర మీదే నిలబడింది.

కంప్యూటర్ ఎప్పుడూ ఏదో ఒకటి చెబుతుంది

నేవియర్-స్టోక్స్ సమీకరణాలను కాగితం మీద పూర్తిగా విప్పగలిగే సందర్భాలు చాలా కొద్ది. మిగతా చోట్ల జాగాను గడులుగా, కాలాన్ని అడుగులుగా విడగొట్టి, ఒక్కో గడికీ ఒక్కో అడుగుకీ అంకెలు లెక్కకట్టాలి. కంప్యూటర్ చేసేది అదే. అంకెలు అడిగితే అది అంకెలు ఇస్తుంది. వాటి వెనక నిజంగా ఒక జవాబు ఉందా, ఉంటే ఒకటేనా, కొలతలో రవ్వంత తేడా వస్తే జవాబు తలకిందులవుతుందా అన్నవి దానికి తెలియవు. ఫ్రెంచి గణితవేత్త జాక్ అదమార్ ఏ భౌతిక సమీకరణమైనా ఈ మూడు పరీక్షలూ నెగ్గాలన్నాడు. జవాబు ఉండాలి, ఒక్కటే ఉండాలి, కొద్ది తేడాకు కొద్దిగానే మారాలి.

ఇవి పండితుల పట్టింపులు కావు. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ కథ చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో అంబులెన్సు దళంలో పనిచేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా ఆయన చేత్తో ఒక వాతావరణ లెక్క చేశాడు. 1910 మే 20 నాటి కొలతలు తీసుకుని, ఆరు గంటల్లో మధ్య యూరప్‌లో ఒకచోట గాలి ఒత్తిడి ఎంత మారుతుందో కట్టాడు. 145 మిల్లీబార్లు అని వచ్చింది. నిజానికి ఆ రోజు ఒత్తిడి దాదాపు కదలనే లేదు. మొదట తీసుకున్న గాలి కొలతలకూ ఒత్తిడి కొలతలకూ పొత్తు కుదరకపోవడం ఆ పొరపాటుకు కారణమని తర్వాత తేలింది. రిచర్డ్‌సన్ ఏమీ దాచకుండా 1922లో అంతా పుస్తకంగా వేశాడు. అంత నిజాయితీ ఉన్న పుస్తకాలు సైన్సు చరిత్రలో అరుదు.

కానీ ఆ పద్ధతిలో ఆయన కంటపడని ఇంకో గండం ఉంది. దాన్ని కనిపెట్టినవాళ్లకు వాతావరణంతో పనే లేదు. 1928లో రిచర్డ్ కూరంట్, కర్ట్ ఫ్రీడ్రిక్స్, హాన్స్ లేవీ అనే ముగ్గురు జర్మనీలో ఒక వ్యాసం రాశారు. వాళ్ల ఉద్దేశం అంకెలు కట్టడం కాదు, కొన్ని సమీకరణాలకు జవాబు ఉందని నిరూపించడం. అందుకోసం జాగాను గడులుగా విడగొట్టి, గడులను అంతకంతకూ చిన్నవి చేస్తూ పోతే అసలు జవాబు చేరుకుంటామా అని చూశారు. అలలుగా సాగే సమీకరణాల దగ్గర ఒక షరతు అడ్డొచ్చింది. ఒక్క కాలపుటడుగులో అల ఎంత దూరం పోతుందో, లెక్కకు తీసుకున్న పక్క గడులు అంత దూరాన్నీ కమ్మి ఉండాలి. లేకపోతే గడిని ఎంత చిన్నది చేసినా జవాబు దగ్గరపడదు, ఇంకా చెడుతుంది.

రిచర్డ్‌సన్ గడి దాదాపు 200 కిలోమీటర్లు, కాలపుటడుగు 3 గంటలు. వాతావరణంలో వేగంగా పోయే అలలు సెకనుకు సుమారు 300 మీటర్లు పోతాయి. అంటే 3 గంటల్లో 3,000 కిలోమీటర్లు దాటేస్తాయి. షరతు ఎంత ఘోరంగా తప్పిందో చూడండి. ఆయన మార్పును ఒక్కసారే కట్టి ఆపేశాడు కాబట్టి ఈ దెబ్బ తగల్లేదు. అలాగే ముందుకు సాగి ఉంటే అంకెలు అదుపు తప్పి ఎగిరిపోయేవి. 1950లో జూల్ చార్నీ, రాగ్నార్ ఫ్యోర్టోఫ్ట్, జాన్ వాన్ నాయ్‌మన్ ఎనియాక్ యంత్రం మీద మొట్టమొదటిసారి కంప్యూటర్‌తో వాతావరణ సూచన కట్టారు. ఆ వేగపు అలలను ముందే వడకట్టిన సమీకరణం వాడారు, 1928 నాటి షరతును దగ్గర పెట్టుకున్నారు. తర్వాతి కాలంలో ఆ షరతు బిగువును సడలించే ఉపాయాలు వచ్చాయి. అవి ఎక్కడిదాకా పనిచేస్తాయో చెప్పినవి కూడా రుజువులే.

కంప్యూటర్ అన్నదే లేని రోజుల్లో జవాబు ఉందని తేల్చుకోవడానికి చేసిన ప్రయత్నం, ఇరవై రెండేళ్ల తర్వాత యంత్రం నడిపే నియమం అయింది.

మొత్తం తేలితే చాలా?

1934లో జాన్ లెరే అనే ఫ్రెంచి యువకుడు అసలు ప్రశ్న మీదికే వెళ్లాడు. ఏ ప్రవాహంతో మొదలుపెట్టినా నేవియర్-స్టోక్స్ పద్దులు ఎప్పటికీ తేలుతూ ఉంటాయా? ప్రతి బిందువు దగ్గరా, ప్రతి క్షణమూ తేలుతుందని ఆయన చూపలేకపోయాడు. ఏదో ఒక చోట వేగం అనంతానికి ఎగబాకి ఆ పద్దు చదవరానిదైపోవచ్చు. అప్పుడాయన షరతును ఒక మెట్టు దించాడు. విడి పద్దు చదవలేకపోయినా ఫరవాలేదు. ఏ పేటను తీసుకున్నా, ఏ వారాన్ని తీసుకున్నా, గంపగుత్తగా కూడితే లెక్క తేలాలి. పైగా మొత్తం శక్తి మొదట ఉన్నదానికంటే పెరగకూడదు. ఈ రకం పుస్తకం ఎప్పుడూ ఉంటుందని ఆయన నిరూపించాడు. ఇప్పుడు వాటిని బలహీన పరిష్కారాలు, వీక్ సొల్యూషన్స్, అంటారు. వంతెన మీద గాలి ఒత్తిడి కట్టే ఇంజనీర్లు వాడే పరిమిత అంశాల పద్ధతి, ఫైనైట్ ఎలిమెంట్ మెథడ్, సమీకరణాన్ని రాసుకునేది ఈ గంపగుత్త రూపంలోనే.

రెండో ప్రపంచ యుద్ధంలో లెరే జర్మన్లకు చిక్కి, ఆస్ట్రియాలోని యుద్ధఖైదీల శిబిరంలో ఐదేళ్లు గడిపాడు. ప్రవాహాల గణితం తెలుసని బయటపడితే జర్మన్ యుద్ధ పరిశ్రమకు పనిచేయించుకుంటారని భయపడి, తాను ఆకారాల గణితం, టోపాలజీ, చేసేవాడినని చెప్పుకున్నాడు. అక్కడ చేసిన పనిలోంచే ఆధునిక టోపాలజీకి కొన్ని మూలస్తంభాలు పుట్టాయి. విమానాల రెక్కలు గీసేవాళ్లకు ఏం పనికొస్తుందని మనం అడుగుతున్న ఈ శాస్త్రాన్ని ఒక మనిషి శత్రువుకు పనికొస్తుందేమోనని దాచిపెట్టాడు.

అయితే లెరే రుజువులో ఒక లోటు మిగిలింది. పుస్తకం ఉంటుందన్నాడు గానీ, ఒక్కటే ఉంటుందని చెప్పలేదు. ముందు నిలవ ఒకటే అయి, రెండు వేర్వేరు పుస్తకాలు రెండూ తేలితే? 2019లో ట్రిస్టన్ బక్‌మాస్టర్, వ్లాద్ వికోల్ అచ్చువేసిన ఫలితం గణితలోకాన్ని కుదిపింది. లెరే పెట్టిన శక్తి షరతును కూడా సడలించి, గంపగుత్త లెక్క ఒక్కటే చూస్తే, కదలకుండా ఉన్న ద్రవం ఎవరూ ముట్టుకోకుండానే కదలడం మొదలుపెట్టే పుస్తకాలు కూడా తేలిపోతాయి! అలాంటి నీరు లోకంలో లేదు. కాబట్టి మొత్తం తేలడం ఒక్కటే చాలదని రుజువైంది. 2022లో డల్లాస్ ఆల్‌బ్రిటన్, ఎలియా బ్రూయే, మరియా కొలంబో ఇంకో అడుగు వేశారు. ఒక ప్రత్యేకమైన బయటి బలాన్ని ప్రయోగిస్తే, నిశ్చలంగా మొదలైన ద్రవానికి శక్తి షరతు పాటించే లెరే పరిష్కారాలే రెండు వస్తాయని చూపించారు.

మూడో కొలతలో ఏముంది?

నీటిని రెండు కొలతల్లోనే, అంటే పలుచని తలం మీదే, కదిలేదిగా ఊహిస్తే చిక్కేమీ లేదు. హద్దులున్న పాత్రలో అలాంటి ప్రవాహానికి జవాబు ఎప్పుడూ ఉంటుందనీ, ఒక్కటేననీ 1950ల చివర్లో ఓల్గా లాదిజెన్‌స్కాయా నిరూపించింది. ఆమె తండ్రి లెక్కల మాస్టారు. 1937లో స్టాలిన్ ప్రభుత్వం ఆయన్ను పట్టుకుపోయి చంపింది. ఆ తండ్రి కూతురన్న నేరానికి లెనిన్‌గ్రాడ్ విశ్వవిద్యాలయం ఆమెకు మొదట సీటు ఇవ్వలేదు. తర్వాత అదే నగరంలో ఆమె ప్రవాహాల గణితానికి పెద్ద దిక్కయింది.

మూడు కొలతల్లో ఎందుకు కుదరదు? చిన్న కూడికలు, గుణకారాలతో తెలుసుకోవచ్చు. ఒక సుడిని తీసుకోండి. సమీకరణాల తీరు ఎలాంటిదంటే, ఒక ప్రవాహం వాటిని తృప్తిపరిస్తే, దాన్నే సగం సైజుకి కుదించి వేగాన్ని రెట్టింపు చేసిన ప్రవాహం కూడా తృప్తిపరుస్తుంది. కాకపోతే ఆ చిన్న ప్రవాహంలో అన్నీ నాలుగోవంతు కాలంలో జరిగిపోతాయి. ఇప్పుడు దానికి ఎంత శక్తి కావాలో చూద్దాం. శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది, అది నాలుగు రెట్లయింది. తలం మీద సుడి ఆక్రమించే జాగా నాలుగోవంతయింది. నాలుగు రెట్లూ నాలుగోవంతూ గుణిస్తే ఒకటి. శక్తి తగ్గలేదు. మూడు కొలతల్లోనైతే జాగా ఎనిమిదోవంతు అవుతుంది. గుణిస్తే అర. కుదించిన సుడికి సగం శక్తే చాలు! దాన్ని మళ్లీ కుదిస్తే అందులో సగం. మనకు గట్టిగా తెలిసిన పరిమితి మొత్తం శక్తి పెరగదన్నది ఒక్కటే. సుడి చిన్నదయ్యేకొద్దీ ఆ పరిమితి దాన్ని ఆపే బలం పోగొట్టుకుంటుంది. అందుకే వేగం అనంతానికి పోదని శక్తి లెక్కతో చెప్పలేం.

అలాగని చేతులు ముడుచుకుని కూర్చోలేదు ఎవరూ. 1982లో లూయీ కఫరెల్లి, రాబర్ట్ కోన్, లూయీ నిరెన్‌బర్గ్ ముగ్గురూ ఒక గొప్ప ఫలితం సాధించారు. తగిన బలహీన పరిష్కారాల్లో అలా చెడిపోయే బిందువులంటూ ఉంటే, జాగానూ కాలాన్నీ కలిపి చూసినప్పుడు అవన్నీ చేరి ఒక గీతపాటి కూడా కావు. 2016లో టెరెన్స్ టావో ఇంకో వైపునుంచి వచ్చాడు. సమీకరణాన్ని కాస్త మార్చి, శక్తి లెక్కలన్నీ చెక్కుచెదరకుండా ఉంచి, అందులో వేగం నిజంగానే అనంతానికి పోతుందని చూపించాడు. అంటే శక్తి లెక్కనే నమ్ముకున్న ఏ రుజువూ గమ్యం చేరదు. ఏ దారిలో వెళ్లకూడదో చెప్పే ఇలాంటి రుజువులు పరిశోధకుల జీవితకాలపు శ్రమను ఆదా చేస్తాయి.

తెర మీద కనిపించింది నిజమేనా?

ఇంత శక్తిమంతమైన కంప్యూటర్లు ఉన్నాయి కదా, వేగం అనంతానికి పోతుందో లేదో చూసేస్తే పోలేదా? చూశారు. 1993లో రాబర్ట్ కెర్, ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు సుడి గొట్టాలను జిగట లేని ఆయిలర్ ద్రవంలో ఢీకొట్టించి, సుడి వేగం అనంతం వైపు పోతున్నట్టు అంకెలు చూపించాడు. 2006లో థామస్ హౌ, రువో లీ అదే సుడులను ఇంకా సన్నని గడులతో మళ్లీ లెక్కకట్టారు. అంకెలు పెరిగాయి గానీ అనంతానికి పోయే జాడ కనబడలేదు. గడిలో పట్టే అంకె ఎంత పెద్దదైనా అది అంకే, అనంతం కాదు. గడికంటే చిన్నదైన సుడి ఏం చేస్తుందో గడికి తెలియదు. ఏ లెక్కను నమ్మాలో తేల్చగలిగేది తర్కం ఒక్కటే.

ఇదే హౌ తర్వాత గువో లువోతో కలిసి, గోడ ఉన్న గొట్టంలో తిరిగే ఆయిలర్ ద్రవాన్ని పట్టుకున్నాడు. 2014లో అచ్చయిన ఆ లెక్కలో గోడ దగ్గర సుడి తీవ్రత 30 కోట్ల రెట్లు పెరిగింది. ఈసారి అక్కడితో ఊరుకోలేదు. జియాజీ చెన్‌తో కలిసి 2022లో దానికి రుజువు బయటపెట్టాడు. కంప్యూటర్ ప్రతి అంకెనూ ఒక్క అంకెగా కాకుండా, "ఇంతకు తక్కువ కాదు, ఇంతకు ఎక్కువ కాదు" అన్న హద్దులతో మోసుకుపోతుంది. చివరికి ఆ హద్దులే రుజువులో భాగమవుతాయి. నునుపుగా మొదలైన ప్రవాహం పరిమిత కాలంలోనే అనంతానికి పోతుందని అలా తేల్చారు. అది గోడ ఉన్న, జిగట లేని ద్రవం. జిగట ఉన్న నీటి సంగతి ఇంకా తేలలేదు.

తుఫాను లెక్కల దగ్గరికి

ఇదంతా బంగాళాఖాతంలో లేచే తుఫానుకు ఎలా చేరుతుంది? వాతావరణం అడ్డంగా వేల కిలోమీటర్లు, నిలువుగా పదీ ఇరవై కిలోమీటర్లు. అందుకని పెద్ద విస్తీర్ణాల లెక్కల్లో, గాలి పైకీ కిందికీ వేగం పుంజుకోవడాన్ని వదిలేసి, బరువూ ఒత్తిడీ సరితూగుతాయని పెట్టుకుంటారు. వీటిని మౌలిక సమీకరణాలు, ప్రిమిటివ్ ఈక్వేషన్స్, అంటారు. చూడ్డానికి ఇవి మూడు కొలతలవే, కాబట్టి నేవియర్-స్టోక్స్ అంత మొండివనే చాలామంది అనుకున్నారు. 2007లో చోంగ్‌షెంగ్ కావో, ఎడ్రిస్ టిటి వీటికి జిగట ఉన్నంతవరకు జవాబు ఎప్పుడూ ఉంటుందనీ, ఒక్కటేననీ నిరూపించారు. నిలువు కదలికను సరళం చేసుకోవడం లెక్క తొందరగా తెమలడానికి మాత్రమే కాదు, సమీకరణాన్ని మచ్చికకు తెచ్చింది కూడా.

అదే సమీకరణాల్లో జిగట తీసేసి, ఒక ప్రాంతం వరకే కత్తిరించి లెక్కకడితే? 1978లో జోసెఫ్ ఒలిగర్, ఆర్నే సుండ్‌స్ట్రోమ్ అందులో ప్రమాదం చూపించారు. తెరిచి ఉన్న అంచుల దగ్గర, బిందువుకు బిందువుగా ఏ షరతులు పెట్టినా అదమార్ పరీక్ష నెగ్గదు. ఒక రాష్ట్రానికో ఒక సముద్రానికో పరిమితమైన సూచనలు కట్టేవాళ్లకు అంచుల బెడద ఎప్పుడూ ఉన్నదే. అంచు వెంబడి ఒక పట్టీ వదిలి, అందులో బయటి పెద్ద లెక్కను నెమ్మదిగా లోపలి లెక్కలో కలుపుతారు. అంచు దగ్గర వచ్చే తేడాలన్నీ కొలతల లోపమేనని సరిపెట్టుకోకూడదని ఆ వ్యాసం చెప్పింది.

ఇక కొలతల సంగతి. విశాఖపట్నంలో, మచిలీపట్నంలో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్లు ఉన్నాయి. సముద్రం మీద ఉపగ్రహాలు, అక్కడక్కడ తేలే బోయాలు. గాలిని ప్రతి బిందువు దగ్గరా కొలిచే సాధనం లేదు, రాదు. 2025 మేలో మన దేశం మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ గడి 6 కిలోమీటర్లు. ఇన్ని ఖాళీలున్న కొలతలతో మొత్తం ప్రవాహాన్ని తెలుసుకోవడం సాధ్యమేనా? 1967లో చిప్రియన్ ఫోయియాష్, జొవాన్ని ప్రోడి ఈ ప్రశ్నకు జవాబు మొదలుపెట్టారు. రెండు కొలతల నేవియర్-స్టోక్స్ ప్రవాహాల్లో, ఒక పరిమిత సంఖ్యలో పెద్ద పెద్ద కదలికలు కాలక్రమంలో కలిసిపోతే, మిగతా సన్న కదలికలన్నీ కూడా కలిసిపోక తప్పదని నిరూపించారు. 1984లో ఫోయియాష్, రోజర్ తెమామ్ దాన్ని కొలిచే బిందువులకు తెచ్చారు. తగినంత దగ్గరగా ఉన్న పరిమిత సంఖ్యలో బిందువులు చాలు. 2014లో అబ్దర్రహీమ్ అజువానీ, ఎరిక్ ఓల్సన్, టిటి ఆ ఫలితాన్ని పద్ధతిగా మార్చారు. లెక్క సాగుతుండగా దాన్ని ముతక కొలతల వైపు కొద్దికొద్దిగా లాగుతూ పోతే, మొదట ఎంత తప్పుతో బయల్దేరినా అది అసలు ప్రవాహాన్ని చేరుకుంటుందని చూపించారు. కొలిచే సాధనాలు ఎంత దూరంలో ఉండవచ్చో, ఎంత గట్టిగా లాగాలో ఆ రుజువులోనే హద్దులున్నాయి.

రెండు కొలతల్లో ఈ మాట ఏ సందేహమూ లేకుండా చెప్పగలం. ఎందుకంటే అక్కడ ప్రవాహం ఎప్పటికీ నునుపుగా ఉంటుందనీ, జవాబు ఒక్కటేననీ లాదిజెన్‌స్కాయా నాటికే తెలుసు. మూడు కొలతల నేవియర్-స్టోక్స్‌కు ఇదే సిద్ధాంతం రాయాలంటే "ప్రవాహం నునుపుగానే ఉంటుందనుకుంటే" అన్న మాట ముందు చేర్చక తప్పడం లేదు.